పసుపు రాసిన మామిడిచెట్టు

ఆ పక్షిని ముందు చూసింది నేను. పేపర్లో ఈ మాట రాలేదు కాబట్టి ఇక్కడైనా మొదటి వాక్యంగా రాసుకుంటున్నాను. చదివి నన్ను మెచ్చుకోనక్కర్లేదు. చివరికి వచ్చేసరికి మీరు మెచ్చుకోరు కూడా.

మాది కోరాపుట్ జిల్లాలో ఒక కొండ ఊరు. ఏ ఊరో, ఏ లైనో చెప్పను, ఎవరి పేర్లూ రాయను. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మునిసిపాలిటీలో చేరారు. ఆయన తర్వాత ఆ పని మా ఆయనకి వచ్చింది. ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పి వీధివీధికీ నీళ్ళు వదలడం ఆ పని. మా లైనులో ఇరవై ఇళ్ళ దాకా ఉంటాయి. అందరూ మా వైపు వాళ్ళే. రోడ్లు ఊడ్చేవాళ్ళు, డ్రైవర్లు, ఫిట్టర్లు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ. నేను వీధిగుమ్మంలో ఇడ్లీలు వేసి అమ్ముతాను. కొండ మీద నుంచి అడ్డాకులు తెచ్చే ముసలామె ఇచ్చిన ఆకుల్లో పెట్టి, పల్లీ చట్నీ పోసి ఇస్తాను. నా చట్నీ బాగుంటుంది. ఈ ఒక్క విషయంలో నాకు ఎవరి మీదా అసూయ లేదు.

మా పెరటి గోడ దాటితే తోపు ఉండేది. మామిడి, పనస, ఇప్ప, జువ్వి చెట్లు, పల్లంలో పొలాల దాకా. భూమి ఎవరో పట్నం ఆసామిది. ఆయన మొహం మేం ఎన్నడూ చూడలేదు. కాయలు ఏరుకున్నది మేము, ఎండాకాలం మంచాలు వేసుకున్నది మేము, అందుకని అది మాదే అనుకున్నాం. సరిగ్గా నా పెరటికి ఎదురుగా అన్నిటికన్నా ముసలి మామిడిచెట్టు. దాని బోదెలో, రెండు నిలువుల ఎత్తున ఒక తొర్ర.

పొద్దున్నే ఇడ్లీ పిండి కలుపుకుంటూ నేను ఆ తొర్రకేసి చూసేదాన్ని. ఉగాది దగ్గర పడేసరికి ముక్కు మీద కొమ్మున్న పక్షుల జంట వచ్చేది. ఒడియా వాళ్ళు కుచిలాఖాయి అంటారు. ఆడది తొర్రలోకి దూరి, లోపలి నుంచి మట్టీ రెట్టా మెత్తి గుమ్మం మూసేసుకుంటుంది. వేలు పట్టేంత సందు మిగులుతుంది. ఇక అప్పట్నుంచి పిల్లలు పెరిగేదాకా అది బయటికి రాదు. మగది జువ్విపళ్ళు గొంతు నిండా నింపుకొచ్చి, సందు దగ్గర వాలి, ఒక్కో పండూ పైకి తెచ్చుకుని లోపలికి అందిస్తుంది. రోజుకి ఎన్ని సార్లో. నేను లెక్క మానేసేదాన్ని.

నిజం చెప్పొద్దూ, ఆ ఆడపక్షి మీద కూడా నాకు కుళ్ళుగానే ఉండేది. కాలు కదపకుండా కూర్చుంటుంది, మొగుడు నోటికి అందిస్తాడు. మా ఆయన ఊరంతటికీ నీళ్ళు వదిలే మనిషి, నా చేతికి మాత్రం ఒక్క గ్లాసు నీళ్ళు అందించిన రోజు నాకు గుర్తులేదు. అయినా ఆ పక్షి నాది. లైనులో ఇంకెవరికీ తెలియకుండా పదేళ్ళు నా ఒక్కదానికే ఉన్న సంగతి అది.

దాన్ని నేనే చేతులారా చూపించాను, మా తోటికోడలికి.

మా మరిది పెళ్ళాం ఆమె. పార్వతీపురం దగ్గరి పిల్ల. ఇంటర్ చదివింది. ఇంటిని మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశాక అవతలి వాటాలోకి కాపరానికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఒడియా రాక, పుట్టిల్లు గుర్తొచ్చి, పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే నాకు జాలేసింది. చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళి తొర్ర చూపించాను.

“సూడమ్మి, అదీ నీలాగే. గుమ్మం దాటదు. అలాగని ఏడస్తందేటి?”

కళ్ళు తుడుచుకుని నవ్వింది. “ఎంత బాగున్నాదప్పా,” అంది. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. ఆ రోజు నుంచి నేను ఆమెకి అప్పని. బాగానే ఉండేవాళ్ళం. మా మరిది బోరిగుమ్మ సంతకి వ్యాను తోలి వస్తూ ఆమెకి జిలేబీ తెచ్చేవాడు. అందులో సగం గోడ మీద నుంచి నాకు అందేది. తినేదాన్ని. తింటూనే, ఇది నా మొగుడు తెచ్చింది కాదు కదా అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందటి సంగతి. ఎండలు ముదరకముందు తోపులోకి మనుషులు టేపులు పట్టుకుని వచ్చారు. సున్నంతో గీతలు గీశారు. రోడ్డు వైపు పెద్ద బోర్డు లేచింది. దాని మీద రెండంతస్తుల ఇళ్ళు, ముందు కార్లు, పచ్చగడ్డి. తోపంతా లేపేసి ఇళ్ళు కడతారట. చెట్లకి ఎర్ర రంగుతో అంకెలు వేశారు. నా మామిడిచెట్టుకి కూడా వేశారు.

లైనంతా లబలబలాడింది. ఆ చెట్లు పోతే పల్లం నుంచి వచ్చే చల్లగాలి పోతుంది, బావి ఎండుతుంది, పిల్లలకి కాయలుండవు. అందరం ఎవరి గుమ్మంలో వాళ్ళం తిట్టుకున్నాం. మా తోటికోడలు మాత్రం చెప్పులేసుకుని బయల్దేరింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించింది. ఏడుస్తూ వచ్చిన పిల్ల ఇప్పుడు ఒడియాలో ఆఫీసర్లతో గలగలా మాట్లాడుతోంది. అర్జీ రాసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, మా పెరటి గోడ మీద మోచేతులు ఆన్చి, మగపక్షి పళ్ళు అందిస్తుంటే ఫోన్లో వీడియో తీసింది.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. నందపూర్ నుంచి, కుందుర నుంచి కూడా ఎవరెవరో ఫోన్లు చేశారట. పేపరాయన వచ్చి మామిడిచెట్టు కింద ఆమెని నిలబెట్టి ఫొటో తీసుకెళ్ళాడు. నేను అప్పుడు ఇడ్లీ రేకులు కడుగుతున్నాను. పక్షుల్ని కాపాడుతున్న గృహిణి అని పడింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది మా పెరట్లోనే జరిగింది.

మా ఆయన ఆ పేపరు కొని తెచ్చాడు. పదేళ్ళలో ఆయన పేపరు కొనడం నేను చూడలేదు.

“సూసేవేటే, మా మరదలు ఎంత పని సేసిందో? మునిసిపాలిటీలో అందరూ నన్నే అడుగుతన్నారు.”

“ఆ పిట్టని దానికి సూపించింది నానే.”

“అవునా?” అని, ఫొటోని మళ్ళీ చూసుకుని, “సరేగాని, నీల్లు కాగేయా?” అన్నాడు.

కడుపు మండింది. ఆ మంటతోనే ఆ వారమంతా ఇడ్లీలు ఉడికించాను. ఆమె మీటింగు పెడితే తలనొప్పన్నాను. ఆమె గోడ మీద నుంచి అందించిన జిలేబీ తీసుకుని ఆవుకి పెట్టాను. ఆమెకి తెలిసే ఉంటుంది. ఆమె ఏదన్నా అంటే బాగుండేది. ఒకసారి జుట్లు పట్టుకుని దెబ్బలాడుకుని ఉంటే అక్కడితో తీరిపోయేదేమో.

ఉగాది వెళ్ళాక ఫారెస్టు ఆఫీసు నుంచి కబురొచ్చింది. శుక్రవారం పొద్దున్న అధికారులు వచ్చి తోపు చూస్తారు. తొర్రలో పక్షి ఉన్నట్టు కళ్ళారా చూస్తే, ఈ ఏటికి తోపులో ఏ చెట్టూ ముట్టుకోనివ్వరు. ఈలోగా కొట్టేసే చెట్ల లిస్టు మళ్ళీ పరిశీలిస్తారు. మా తోటికోడలు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. శుక్రవారం దాకా ఎవరూ ఆ చెట్టు దరిదాపులకి పోకూడదు. మంచాలు వెయ్యకూడదు, పిల్లల్ని వదలకూడదు. మగపక్షి బెదరకుండా ఉంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. అందరూ తలలూపారు. నా చెట్టు దగ్గరికి నన్ను వెళ్ళొద్దని చెప్పడానికి ఈమె ఎవరు అనుకున్నాను నేను.

మంగళవారం పొద్దున్న తలకి పోసుకున్నాను. పళ్ళెంలో పసుపు కలుపుకున్నాను. గోడ దాటి వెళ్ళి, ఆ మామిడి బోదెకి నా చెయ్యి అందినంత మేర పసుపు రాశాను. ఎర్ర అంకె పసుపు కింద మునిగిపోయింది. కుంకం బొట్లు పెట్టాను, వేపమండ కట్టాను, కొబ్బరికాయ కొట్టాను. ఆ చప్పుడుకి ఇద్దరు ముగ్గురు గోడల మీద నుంచి తొంగిచూశారు.

“ఏటొదినా, ఏటది?”

“కల్లోకి అమ్మోరొచ్చిందమ్మా. ఈ సెట్టులో నానున్నాను, నన్ను ఎవులికీ అప్పజెప్పకండి అని సెప్పింది.”

కల్లోకి ఎవరూ రాలేదు. నేను ఆ మాట అక్కడికక్కడ అన్నాను. కానీ అంటున్నప్పుడు నా గొంతు నిజంగానే వణికింది. వాళ్ళు అక్కడే చేతులెత్తి మొక్కారు.

మా వాళ్ళకి అంతకన్నా ఇంకేం కావాలి. మధ్యాహ్నానికి ఘటాలు వచ్చాయి. చలివిడి, వడపప్పు, పానకం వచ్చాయి. సాయంత్రానికి డప్పు వచ్చింది. సాంబ్రాణి పొగ కొమ్మల దాకా లేచింది. పసుపు రాసిన చెట్టు మీద ఏ కూలీ గొడ్డలి వెయ్యడు, ఇంతకన్నా గొప్ప ఉపాయం ఎవరికీ తట్టలేదు అని పెద్దవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. ఉపాయం మాట కూడా నిజమే, చెడ్డ ఉపాయం కాదు. మా ఆయన వచ్చి నా వెనకాల నిలబడి, అందరికీ వినబడేలా, “మా ఆడదాని కల్లోకే వచ్చిందట,” అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నన్ను నలుగురిలో చూపించుకోవడం అదే మొదలు. నాకు ఒళ్ళంతా పులకరించింది.

బుధవారం మా తోటికోడలు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

“అప్పా, నీ కాల్లట్టుకుంటాను. మగది నిన్నటేల నుంచి రానేదు. పల్లు గొంతులో పెట్టుకుని కరెంటు తీగ మీద కూకుని ఎల్లిపోతంది. లోపలది ఆకలికి సచ్చిపోద్ది. జనాన్ని శుక్రారం తరవాత రమ్మను. నువ్వు సెప్తే ఇంటారు.”

నేను చెబితే వింటారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో, దాన్నే ఇంకాసేపు చప్పరించాలనిపించింది.

“నీ పిట్ట కన్నా అమ్మోరు తక్కువేటమ్మి?” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. వెళ్ళిపోయింది.

ఆకుల ముసలామె ఆ రోజే కట్ట దింపి, ఆ హడావుడి అంతా చూసింది. వాళ్ళ ఊరికి కూడా దేవత తోపు ఉంది. “మేము మా తోపులోకి పూజనాడు తప్ప అడుగు పెట్టం,” అంది వాళ్ళ మాటలో. “మీ దేవతకి రోజూ ఇంత గోలుండాలా?” నేను డబ్బులిచ్చి పంపేశాను.

గురువారం మగది ఒక్కసారి వచ్చింది. నేను చూశాను. చెట్టు చుట్టూ తిరిగి, డప్పు మోగేసరికి పల్లం వైపు మళ్ళింది. సందులోంచి ముక్కు చివర ఒకటి బయటికి వచ్చి, లోపలికి పోయి, మళ్ళీ వచ్చింది. పదేళ్ళు చూసినదాన్ని, ఆ ముక్కు ఏం అడుగుతోందో నాకు తెలుసు. డప్పు ఆపండి అని ఒక్క మాట అంటే ఆగేది. ఎవరో పెద్దముత్తయిదువ వచ్చి నా కాళ్ళకి పసుపు రాస్తోంది. నేను కాళ్ళు చాపి కూర్చున్నాను.

శుక్రవారం అధికారులు వచ్చారు. ఇళ్ళు కట్టే కంపెనీ మనిషి కూడా వచ్చాడు. తోపు నిండా జనం. పెద్ద అధికారి తల పైకెత్తి, దుర్భిణి పెట్టి చాలాసేపు చూశాడు. మగది రాలేదు. సందులో ముక్కూ కనబడలేదు.

“పక్షి కాహిఁ?” అన్నాడు. పక్షేదీ అని.

మా తోటికోడలు ఫోనులో వీడియో చూపించింది. అది ఎప్పటిదో ఎవరికి తెలుసు అన్నాడు కంపెనీ మనిషి. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి, జనంలో నన్ను వెతికి, చెయ్యి చాపి చూపించింది. “మొదట సూసింది మా అప్పే సార్. పదేల్లనుంచి రోజూ సూస్తంది. అప్పకి తెలిసినట్టు ఆ పిట్ట గురించి ఈ ఊర్లో ఎవులికీ తెలీదు. అప్పనడగండి,” అని తెలుగులో నాకు వినబడేలా అని, మళ్ళీ ఒడియాలో ఆయనకి చెప్పింది.

అందరూ నాకేసి తిరిగారు. ఇన్నాళ్ళూ నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చింది ఈ మాట కోసమే. ఆమె దాన్ని అందరి ముందూ నా చేతిలో పెట్టింది.

అధికారి దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి. మౌసీ అని పిలిచి నెమ్మదిగా అడిగాడు. ఆ తొర్రలో పక్షి ఉన్న మాట నిజమేనా? కాసేపు వీళ్ళందరినీ దూరంగా పంపిస్తే మగది వస్తుందా? నువ్వు వస్తుందంటే నేను సాయంత్రం దాకా కూర్చుంటాను.

వస్తుంది. నాకు తెలుసు. కానీ నేను ఔనంటే జనం వెళ్ళిపోవాలి. వాళ్ళు వెళ్ళిపోతే ఇది మళ్ళీ పక్షి చెట్టయిపోతుంది, పక్షి చెట్టయితే మళ్ళీ ఆమెదే అవుతుంది. నన్ను చూపించిన ఆ చెయ్యి మీద కూడా నాకు మంటే పుట్టింది. దానం చేసినట్టు ఇస్తుందా అనిపించింది. ఆ పొద్దున మళ్ళీ రాసిన పసుపు నా పాదాల మీద ఇంకా తడి ఆరలేదు.

“పిట్టా గిట్టా నాకు తెలీదు బాబూ,” అన్నాను. “అక్కడున్నది అమ్మోరు.”

జనం జై కొట్టారు. అధికారి పక్షి లేదని కాగితం మీద రాసుకున్నాడు. కంపెనీ మనిషి ముందుకొచ్చి, దేవుడి జోలికి మేమెందుకు వెళ్తాం, ఈ ఒక్క చెట్టూ వదిలేస్తాం, చుట్టూ గచ్చు కూడా వేయిస్తాం అని దండం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క చెట్టు అన్న మాట వాళ్ళ చెవికి ఆ తర్వాత ఎక్కింది.

మర్నాడు తొర్ర మూత పగిలి ఆడపక్షి కింద పడింది. లోపలున్నన్నాళ్ళూ అది రెక్కల ఈకలు రాల్చేసుకుంటుంది, ఎగరలేదు. మా తోటికోడలు దాన్ని బుట్టలో పెట్టుకుని, జువ్విపళ్ళు నలిపి నోట్లో పెట్టింది. రెండు రోజులు బతికింది. గోడకి ఇవతల నుంచి నాకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. మగది నాలుగు రోజులు కరెంటు తీగ మీదకి వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత మిషన్లు వచ్చాయి. పనసలు, ఇప్పలు, జువ్వి, అన్నీ వారంలో పడిపోయాయి. మామిడిచెట్టు ఒక్కటీ ఎండలో మిగిలింది.

ఇప్పుడు దాని చుట్టూ గచ్చు ఉంది, రేకుల పందిరి ఉంది. మా ఆయన నా కోసం అక్కడిదాకా పైపు లాగి కుళాయి పెట్టించాడు. కొత్త ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి నా చేత బొట్టు పెట్టించుకుంటున్నారు. కావలసినదంతా దొరికాక కూడా నాకు అన్నం దిగలేదు. మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఒకరోజు గోడ చుట్టూ తిరిగి మా తోటికోడలి గుమ్మంలోకి వెళ్ళాను. ఆమె బియ్యం ఏరుతోంది. నేను నిలబడే చెప్పాను.

“కల రానేదమ్మి. నాను అబద్దమాడినాను. నిన్ను సూసి ఓర్సుకోనేక ఆడినాను. వచ్చే మంగలారం అందరి ముందూ సెప్పేస్తాను.”

ఆమె చేట కింద పెట్టలేదు.

“తెలుసప్పా. ఆ రోజే తెలుసు. సెప్పకు.”

“సెప్పకపోతే నాకు ఊపిరాడతనేదే.”

“ఆ సెట్టు కొమ్మలు కార్లకి అడ్డొస్తన్నాయని మొన్న కంపెనీ వోల్లు సూసి ఎల్లేరు. అమ్మోరు నేదని తెలిస్తే మర్నాడే కొట్టేస్తారు. మిగిలింది అదొక్కటే.”

“మరి నానేటి సెయ్యాలి?”

“పసుపు రాయి.”

“ఎన్నాల్లు?”

“నువ్వున్నన్నాల్లూ,” అంది. మట్టిబెడ్డ ఒకటి ఏరి బయటికి విసిరింది.

అందుకే ఊరు చెప్పలేదు, పేర్లు రాయలేదు. మంగళవారం మంగళవారం తలకి పోసుకుని ఆ బోదెకి పసుపు రాస్తున్నాను. నా దగ్గర పసుపు అయిపోయిందని ఎలా తెలుస్తుందో, ఆమె పొట్లం తెచ్చి గోడ మీద పెట్టిపోతుంది. లైనంతా, కొత్త ఇళ్ళవాళ్ళంతా ఆ చెట్టుకి మొక్కుతారు, అందరికన్నా ముందు నేను మొక్కుతాను. ఆమె మాత్రం ఏనాడూ దండం పెట్టదు, తలెత్తి ఆ ఖాళీ తొర్రకేసి చూసి వెళ్ళిపోతుంది. అలా చూసి వెళ్ళిపోగలిగేది ఆమె ఒక్కతే. దానికి కూడా నేను కుళ్ళుకుంటున్నాను.